గురులఘువుల్లో గ్రీకు విషాదం

సోఫొక్లిస్ రాసిన 'ఈడిపస్ రాజు' నాటకం ఇంగ్లిషు అనువాదం ఒక సాయంత్రంలో చదివేయవచ్చు. అదే నాటకాన్ని మూలంలో చదివే విశ్వవిద్యాలయ విద్యార్థికి 1530 పాదాలు పూర్తయ్యేసరికి నెలలు పడుతుంది. దానికి ముందు అక్షరాలతో మొదలుపెట్టి, ఏడాదో రెండేళ్ళో వ్యాకరణమూ తేలిక వచనమూ చదివి ఉండాలి. కథ అందరికీ తెలిసిందే. మరి ఇంత శ్రమ దేనికి? దీనికి చాలా జవాబులున్నాయి గానీ, నా దృష్టిలో అన్నిటికన్నా బలమైనది ఛందస్సు. ఆ జవాబు ఇంగ్లిషు చదువరి కన్నా తెలుగు చదువరికి త్వరగా పట్టుబడుతుంది.

ఎందుకంటే గ్రీకు పద్యం కూడా గురులఘువుల మీదే నడుస్తుంది. ఇంగ్లిషు పద్యానికి ఊనిక ఆధారం. గ్రీకుకు, సంస్కృతానికి, మనకు అక్షరం పలికే కాలం ఆధారం. బడిలో గణవిభజన చేసినవారెవరైనా గ్రీకు నాటకంలో సంభాషణ నడిచే ఛందాన్ని పది నిమిషాల్లో గుర్తుపట్టగలరు. మొదట గురువో లఘువో ఒక అక్షరం, దాని వెంట ఒక ర గణం, ఇలా మూడుసార్లు. మొత్తం 12 అక్షరాలు. దీన్ని ఐయాంబిక్ ట్రైమీటర్ అంటారు. ప్రాస లేదు, మన యతిమైత్రి లేదు. సంస్కృత శ్లోకంలో యతి దగ్గర పదం విరిగినట్టు, ఇక్కడ సాధారణంగా ఐదో అక్షరం తర్వాతో ఏడో అక్షరం తర్వాతో పదం ముగుస్తుంది. గురువుకు బదులు రెండు లఘువులు వాడుకునే వెసులుబాటు ఉంది. వయసు పెరిగేకొద్దీ నాటకకర్త యూరిపిడిస్ ఈ వెసులుబాటును ఎక్కువగా వాడుకున్నాడు. అందుకే ఏ ఏడాది ప్రదర్శించారో తెలియని ఆయన నాటకాల కాలాన్ని, ఇలాంటి లఘువుల జంటలను లెక్కపెట్టి పండితులు అంచనా వేస్తారు.

ఇక ఈ ఛందస్సు నాటకంలో ఏం పని చేస్తుందో చూడాలి. ఈడిపస్ తన పుట్టుక రహస్యాన్ని ముసలి గొర్రెల కాపరి చేత చెప్పించే ఘట్టంలో, రాజు ఒక పాదంలో అడిగితే కాపరి ఒక పాదంలో జవాబిస్తాడు. ప్రశ్నకొక పాదం, జవాబుకొక పాదం. కానీ తన చేతికొచ్చిన బిడ్డ ఎవరి సంతానమో కాపరి బయటపెట్టగానే ఆ పద్ధతి తెగిపోతుంది. 1173 నుంచి 1176 దాకా నాలుగు పాదాల్లో ఒక్కో పాదాన్ని ఇద్దరూ పంచుకుంటారు. రాజు ప్రశ్న పాదం మధ్యలో ఆగితే కాపరి జవాబు అక్కడే అందుకుని ఆ 12 అక్షరాలూ పూర్తిచేస్తుంది. ఊపిరి తీసుకునే చోటు కూడా మిగలదు. అనువాదంలో ఇవి పొట్టి వాక్యాలుగా కనిపిస్తాయి, అంతే. మూలంలో ఇద్దరు మనుషులు ఒకే పాదంలో ఇరుక్కుపోయారని చెవికి తెలుస్తుంది.

తర్వాత ఈడిపస్ కళ్ళు పొడుచుకుని బయటికి వస్తాడు. అక్కడ ఆయన పాడే పాటలో డోక్మియక్ అనే గణం వినిపిస్తుంది. దాని మూలరూపం మన లెక్కలో య గణం, వ గణం: లఘువు, గురువు, గురువు, లఘువు, గురువు. తట్టుకోలేని బాధకూ భయానికీ విషాద నాటకం దాచిపెట్టుకున్న నడక అది. ఆయన అలా పాడుతుంటే నాటకంలోని గాయక బృందం (కోరస్) మాత్రం ఎక్కువగా మామూలు సంభాషణ ఛందంలోనే బదులిస్తుంది. ఆయన దుఃఖానికీ, ఎదురుగా నిలబడ్డవారి జాలికీ మధ్య ఉన్న దూరాన్ని సోఫొక్లిస్ వర్ణించలేదు. రెండు నడకల్లో వినిపించాడు. యూరిపిడిస్ 'ఒరెస్టిస్' నుంచి ఇదే డోక్మియక్ నడకలోని కొన్ని పాదాలు, స్వరాల గుర్తులతో సహా, ఒక పాపిరస్ ముక్క మీద మిగిలాయి. ఆ ముక్క ఇప్పుడు వియన్నాలో ఉంది. ఆ నాటకాల సంగీతంలో మనదాకా వచ్చింది అంత స్వల్పం కాబట్టే, మిగతా పాటల్లో గురులఘువుల లెక్కే మనకున్న ఆధారం.

విద్యార్థులు ఎక్కువగా కష్టపడేది బృందగానాల దగ్గర. సంభాషణలో దీర్ఘమైన 'ఏ' వినిపించే చోట పాటలో తరచూ 'ఆ' వినిపిస్తుంది. పదాల వరుస చెల్లాచెదురుగా ఉంటుంది. అయితే ఈ పాటలు జంటలుగా వస్తాయి. మొదటి చరణం నడకే రెండో చరణంలో దాదాపు అక్షరం తర్వాత అక్షరంగా మళ్ళీ వస్తుంది. అందువల్ల ఒకచోట అక్షరం తగ్గితే లేఖకుడు తప్పు రాశాడేమోనన్న అనుమానం పుడుతుంది. ఎస్కిలస్, సోఫొక్లిస్ నాటకాలకు ముఖ్యాధారమైన ఫ్లారెన్స్ రాతప్రతి 10వ శతాబ్దానిది. అంటే కవులకూ దానికీ మధ్య సుమారు 1400 ఏళ్ళు. అన్నేళ్ళ నకళ్ళలో దొర్లిన తప్పులను ఛందస్సు పట్టిస్తుంది. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఇచ్చే పాఠాంతరాలను విద్యార్థి ఇక్కడే చదవడం నేర్చుకుంటాడు.

ఈ చదువుకు నెమ్మది తప్పదు. నాజీల కాలంలో జర్మనీ వదిలి వచ్చిన ఎడ్వర్డ్ ఫ్రెంకెల్, ఆక్స్‌ఫర్డులో 1936 నుంచి కొన్నేళ్ళపాటు ఎస్కిలస్ 'అగమెమ్నాన్' ఒక్క నాటకం మీదే తరగతి నడిపారు. తర్వాత నవలా రచయిత్రిగా పేరు తెచ్చుకున్న ఐరిస్ మర్డాక్ అందులో కూర్చున్నారు. 1950లో ఫ్రెంకెల్ వ్యాఖ్యానం మూడు సంపుటాలుగా వచ్చింది. కేంబ్రిడ్జి విద్యార్థులది మరో దారి. 1882లో సోఫొక్లిస్ 'అజాక్స్'తో మొదలుపెట్టి, సాధారణంగా మూడేళ్ళకొకసారి ఒక నాటకాన్ని గ్రీకులోనే రంగస్థలం మీద ఆడుతున్నారు. పాదం నోటికి రావాలంటే ఇంతకన్నా మంచి పద్ధతి లేదని నేను నమ్ముతాను.

గ్రీకు రాకపోయినా ఆక్స్‌ఫర్డులో ఈ చదువు మొదలుపెట్టే వీలుంది. ఇంటర్లో సంస్కృతం తీసుకున్న మన పిల్లలకు ద్వివచనం, ఆత్మనేపదం, విధిలిఙ్ కొత్త కాదు. గ్రీకులో వాటికి సాటివచ్చే రూపాలు ఉన్నాయి. ఛందస్సు ఎలాగూ చెవిలో ఉంది. సాహిత్యం చదవాలనుకునే తెలుగు విద్యార్థులు ఈ దారిని కూడా ఆలోచించాలని నా కోరిక. ఖర్చు లేకుండా పరీక్షించుకోవాలంటే, అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం నడిపే పెర్సియస్ గ్రంథాలయంలో ఈ నాటకాల మూలం ఉచితంగా దొరుకుతుంది. పదాన్ని నొక్కితే దాని వ్యాకరణం కనిపిస్తుంది. ముందు 24 అక్షరాలు నేర్చుకోండి. సంభాషణలు సూటిగా సాగే యూరిపిడిస్ 'మెడియా'తో మొదలుపెట్టండి. ఎస్కిలస్‌ను చివరికి ఉంచుకోండి.