రక్తనాళానికి తుపాను హెచ్చరిక

గుండె, మెదడు, ఊపిరితిత్తుల గురించి బడికెళ్ళే పిల్లలకు కూడా తెలుసు. కానీ రక్తనాళాల లోపలి గోడకు ఒకే ఒక్క వరుసగా పరుచుకుని ఉండే కణాల సంగతి పెద్దలకే అంతగా తెలియదు. వాటిని ఎండోథీలియల్ కణాలంటారు. ఇంట్లో నున్నగా చేసిన గచ్చులాంటివి అనుకోండి. రక్తం గడ్డకట్టకుండా సాఫీగా జారిపోవడం వాటి చలవే. నాళం ఎప్పుడు సాగాలో, ఎప్పుడు బిగియాలో చెప్పేవీ అవే. గుండెపోటు వచ్చి ప్రాణవాయువు అందకపోతే గుండె కండరంతోపాటు ఈ గచ్చు కూడా పగులుతుంది. డాక్టర్లు నాళాన్ని మళ్ళీ తెరిచినా, పగిలినచోట వాపు, గడ్డలు మొదలవుతాయి.

అమెరికాలో ఒక పరిశోధనశాలలో నా ఉద్యోగం ఈ కణాలతోనే. పిల్లలూ, ఇవి మాకు ఎక్కణ్ణుంచి వస్తాయో తెలుసా? బొడ్డుతాడు నుంచి! కాన్పయ్యాక మామూలుగా పారేసే బొడ్డుతాడులోని సిర నుంచి వీటిని తీసి పెంచవచ్చని 1973లో న్యూయార్కులో జాఫీ బృందం చూపించింది. 37 డిగ్రీల వెచ్చని పెట్టెలో పెంచి, ప్రాణవాయువును ఒక శాతానికి తగ్గించి, ఏవి బతుకుతాయో చూస్తాం. మనం పీల్చే గాలిలో అది 21 శాతం.

ఆ కష్టకాలంలో వాటిని కాపాడే ఒక ఉపాయం పేరు జన్యువు నోరు నొక్కడం. దీని కథ ఒక పువ్వుతో మొదలైంది. పెటూనియా పూల ఊదారంగు ఇంకా చిక్కబడాలని అమెరికా శాస్త్రవేత్తలు రంగు జన్యువును అదనంగా చేర్చారు. తీరా చూస్తే పూలు తెల్లగా పూశాయి! 1990లో ప్రకటించిన ఈ వింతకు మూలమేమిటో 1998లో ఆండ్రూ ఫైర్, క్రెగ్ మెల్లో ఒక మిల్లీమీటరు పురుగుల్లో తేల్చారు. 2006లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది.

డి.ఎన్.ఎ. ఇంట్లోంచి బయటికి రాని పెద్ద ఖాతా పుస్తకం. అందులోంచి ఒక చీటీ రాసుకుని పనివాళ్ళకు పంపుతుంది కణం. ఆ చీటీయే ఆర్.ఎన్.ఎ. దానికి సరిపోయే 21 అక్షరాల చిన్న జంటపోగు ముక్కను మనం లోపలికి పంపితే, కణంలోని కత్తెరే ఆ చీటీని ముక్కలు చేస్తుంది. పుస్తకం మాత్రం చెక్కుచెదరదు.

ఇంతకీ ఏ చీటీని చింపాలి? దాని పేరు పి.హెచ్.డి.-2. మన ఇళ్ళలో ఆ మూడక్షరాలు పిల్లలకు వేరే విధంగా పరిచయం లెండి! ఇక్కడ అదొక కాపలాదారు. గాలి బాగా ఉన్నప్పుడు 'హిఫ్' అనే ప్రోటీన్ మీద ముద్రవేసి నాశనం చేయిస్తుంది. గాలి తగ్గితే కాపలాదారు పని ఆగిపోతుంది. హిఫ్ బతికి, చక్కెరను వేరే దారిలో వాడుకోవడానికి, కొత్త నాళాలు మొలవడానికి కావలసిన జన్యువుల్ని నిద్రలేపుతుంది. కణం గాలి తగ్గడాన్ని ఎలా పసిగడుతుందో తేల్చిన సెమెంజా, రాట్‌క్లిఫ్, కేలిన్‌లకు 2019లో నోబెల్ దక్కింది.

కాపలాదారు నోరు ముందే నొక్కితే? బందరు రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే జాలర్లు గాలి మొదలవకముందే పడవలు ఒడ్డుకు లాగుతారు చూడండి, అలా కణం ముందే సర్దుకుంటుంది. వర్జీనియాలో ఎలుకలకు ఇలా చేసి, తర్వాత గుండెకు సరఫరాను కాసేపు ఆపి మళ్ళీ వదిలితే గుండెకు దెబ్బ తగ్గిందని 2006లో ప్రకటించారు.

ఈ మాట విన్నప్పట్నుంచీ గుంటూరులో బైపాస్ చేయించుకున్న మా మేనమామ ఫోన్ చేసినప్పుడల్లా, "అమ్మాయ్, ఆ సూదిమందేదో నాకూ పంపించకూడదూ?" అంటాడు. "ఇది ఏ మందుల షాపులోనూ లేదు మావయ్యా, నువ్వు వేసుకునే మాత్రలు మానకు" అంటాను. నా భయమల్లా అదే. రాబోయే మందు మీద ఆశతో చేతిలో ఉన్న మందు వదిలేసేవాళ్ళు మనలో తక్కువేం కాదు.

ఇంకో సంగతి. గుండెపోటు చెప్పిరాదు, ముందస్తు హెచ్చరిక ఎప్పుడని ఇస్తాం? అందుకే నా ఆశ ఆపరేషన్ల మీద. మూత్రపిండం మార్పిడిలో రక్తం ఎప్పుడు ఆగుతుందో డాక్టరుకు ముందే తెలుసు. ఈ హెచ్చరికకు అసలైన చోటు అదేనని నాకనిపిస్తుంది.

చీటీ చింపే మందులు రానేలేదని కాదు. మొదటిది, పాటిసిరాన్, 2018లో అమెరికాలో అనుమతి పొందింది. కొలెస్టరాల్ తగ్గించే ఇంక్లిసిరాన్ యూరప్‌లో 2020లో, అమెరికాలో 2021లో వచ్చింది. మొదటి రెండు మోతాదుల తర్వాత ఆర్నెల్లకొక సూది చాలు. కానీ ఈ రెండూ పనిచేసేది కాలేయంలో. రక్తంలో వేసిన ముక్కల్ని చేర్చడానికి అది సులువైన చోటు. నాళాల గచ్చుకు, అదీ కావలసిన అవయవంలోనే, చేర్చడం చాలా కష్టం.

పైగా హిఫ్‌ను నెలల తరబడి మేల్కొని ఉంచడం మంచిది కాదు, కొన్ని కేన్సర్ గడ్డలు దాన్నే ఆసరాగా పెరుగుతాయి. అదృష్టవశాత్తు మా గిన్నెల్లోని కణాల్లో ఈ మౌనం కొద్ది రోజులే ఉంటుంది. ఆపరేషన్ గండం గడవడానికి కావలసిందీ ఆ కొద్ది రోజులే.