ఇరుసు మారితే షాఫ్టూ మారాలి

పాత ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్ ట్రక్కులో ఇంజిన్ శక్తి గేరుబాక్సును దాటి ట్రాన్స్‌ఫర్ కేసు అనే పంపిణీ పెట్టెకు చేరి, అక్కడి నుంచి ముందుకొకటి, వెనక్కొకటిగా సాగే రెండు ఉక్కు గొట్టాల ద్వారా ఇరుసులకు అందుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టులంటే ఈ గొట్టాలే. ట్రాన్స్‌ఫర్ కేసు ఛాసిస్ వైపు బిగించి ఉంటుంది కాబట్టి దాదాపు కదలదు. ఇరుసు మాత్రం కమాన్ పట్టీలతో పాటు ప్రతి గతుకుకూ లేచి పడుతుంది. ఈ రెంటి మధ్యనున్న షాఫ్టు తిరుగుతూనే వంగాలి, తిరుగుతూనే పొడవు మార్చుకోవాలి.

పొడవు సంగతి స్లిప్ యోక్ అనే జారుడు భాగం చూసుకుంటుంది. వంగే పని రెండు చివరలా ఉండే యూనివర్సల్ జాయింట్లది. మెకానిక్కులు క్రాస్ అని పిలిచే కూడిక గుర్తు ఆకారపు ముక్క, దాని నాలుగు కొనలకూ సూదుల్లాంటి రోలర్లున్న బేరింగ్ కప్పులు, వాటిని ఇరుపక్కల నుంచి పట్టి ఉంచే యోకులనే రెండు జంట కొమ్ములు కలిస్తే ఈ కీలు తయారవుతుంది. ఒకదానిలో ఒకటి తిరిగే వలయాల అమరికను వర్ణించిన 16వ శతాబ్దపు ఇటలీ గణితవేత్త గిరొలామో కార్డానో పేరు దీనికి స్థిరపడినా, దీని లోపాన్ని లెక్కగట్టిన కీర్తి ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ హుక్‌కే దక్కాలి. జర్మన్ పండితుడు గాస్పర్ షాట్ 1664లో ఇది సమవేగంతో తిరుగుతుందని రాయగా, అది నిజం కాదని హుక్ తేల్చాడు. వంపులో ఉన్న కీలు ఒక వైపు నిలకడగా తిరుగుతున్నా రెండో వైపు ఒక్కో చుట్టుకు రెండుసార్లు వేగం పుంజుకుని రెండుసార్లు తగ్గుతుంది. వంపు 20 డిగ్రీలుంటే, నిమిషానికి 1000 చుట్లు తిరిగే షాఫ్టు ఇచ్చే వేగం అవతలి వైపు 940కీ 1064కీ మధ్య ఊగుతుంది. సమతలపు సూర్యగడియారం మీద ముల్లు నీడ గంటగంటకూ అసమానంగా జరగడానికీ ఈ ఊగిసలాటకూ గణిత సూత్రం ఒకటేనని గుర్తించిన హుక్, ఆ లోపాన్నే సూర్యగడియారాల పనికి వాడుకోవడం అతని బుద్ధి కుశలతకు మంచి ఉదాహరణ. ఒక కీలు చేసే తప్పును దానికి సరిగ్గా ఎదురుగా అమర్చిన రెండో కీలు దిద్దుతుందన్న ఉపాయాన్నీ 1683లో అతనే సూచించాడు.

ఆ ఉపాయం మోటారు వాహనాల్లో స్థిరపడడానికి రెండు శతాబ్దాలకు పైగా పట్టింది. లూయీ రెనో 1898లోనే తన చిన్న కారుకు షాఫ్టు అమర్చినా, ఆనాటి కార్లు చాలావరకు గొలుసులతోనే నడిచేవి. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదివిన క్లారెన్స్ స్పైసర్ 1903లో యూనివర్సల్ జాయింటుకు పేటెంటు పొంది, మరుసటి ఏడాది న్యూజెర్సీలోని ప్లెయిన్‌ఫీల్డులో తయారీ మొదలుపెట్టాడు. ఆ సంస్థే తరువాత డానాగా మారింది. నేటికీ ఇరుసు మార్పిడి చేసేవారు తుక్కు దుకాణాల్లో వెతికే డానా 44, డానా 60 ఇరుసులు ఆ సంస్థవే.

1973–87 నాటి షెవర్లే కె10 ట్రక్కును తీసుకుంటే ఇరుసు మార్చడంలోని చిక్కు స్పష్టంగా తెలుస్తుంది. పెద్ద టైర్ల బరువుకు తట్టుకోవాలని దీని సగం టన్ను తరగతి ఇరుసులు తీసి, ఒక టన్ను తరగతికి చెందిన డానా 60ని ముందు, 14 బోల్టుల ఇరుసును వెనుక బిగించడం అమెరికాలో పాత అలవాటే. అయితే షాఫ్టు వచ్చి కలిసే డిఫరెన్షియల్ అనే పళ్ళ చక్రాల పెట్టె ఈ షెవర్లేల ముందు ఇరుసులో కుడివైపున, 1970ల చివరి ఫోర్డు ట్రక్కుల డానా 60లో ఎడమవైపున ఉంటుంది. చవకగా దొరికిందని ఫోర్డు ఇరుసు తెచ్చినవారికి షాఫ్టు ఇంజిన్ కింద అడ్డంగా పోవలసిన పరిస్థితి ఎదురై, చివరికి ట్రాన్స్‌ఫర్ కేసునే మార్చక తప్పదు. రెండు ఇరుసుల పళ్ళ నిష్పత్తి కూడా ఒకటే కావాలి. ఇరుసులోని పెద్ద పళ్ళ చక్రమైన క్రౌన్ వీలుకు 41 పళ్ళుండి, షాఫ్టుతో తిరుగుతూ దాన్ని తిప్పే చిన్న చక్రమైన పీనియనుకు 11 ఉంటే నిష్పత్తి 3.73, పీనియనుకు 10 ఉంటే 4.10. ఈ ఒక్క పన్ను తేడాతో నాలుగు చక్రాలనూ కలిపి పొడి రోడ్డు మీద నడిపితే ముందు వెనుక షాఫ్టులు ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి.

తరువాతి ప్రశ్న క్రాస్ కొలత. స్పైసర్ వరుసలో 1310, 1330 రకాలకు కప్పు వ్యాసం ఒకటే, సుమారు 27 మిల్లీమీటర్లు. వెడల్పు మాత్రం మొదటిదానికి 82, రెండోదానికి 92. 1350 రకానికి వెడల్పు 92 అయినా కప్పు 30 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. రెండు కొలతలనూ కలిపే జోడు క్రాసులు దొరుకుతాయి గానీ వాటి బలం చిన్న వైపు బలాన్ని మించదు. బరువైన ఇరుసు కోసం ఇంత శ్రమపడ్డాక పీనియన్ యోకునే మార్చుకోవడం వివేకం.

హుక్ చెప్పిన దిద్దుబాటు నెరవేరాలంటే ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వచ్చే కడ్డీ, ఇరుసు పీనియన్ సమాంతరంగా ఉండి రెండు కీళ్ళ కోణాలూ సమానం కావాలి, షాఫ్టు రెండు చివరల యోకులూ ఒకే తలంలో ఉండాలి. స్లిప్ యోకును ఊడదీసి మళ్ళీ తొడిగేటప్పుడు ఒక్క పన్ను పక్కకు జరిగినా ఈ అమరిక చెడుతుంది కనుకనే, విప్పే ముందు రెండు ముక్కల మీదా గీత గీస్తారు. 33 అంగుళాల టైరు, 4.10 నిష్పత్తి ఉన్న ట్రక్కు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటే షాఫ్టు నిమిషానికి సుమారు 2600 చుట్లు తిరుగుతుంది. సరిచేయని తప్పు నిమిషానికి 5200 కుదుపులుగా బయటపడుతుంది. షాఫ్టు పొడవును అన్నిటికన్నా చివర, ట్రక్కు తన బరువుతో తన టైర్ల మీద నిలిచి ఉండగా కొలవాలి. ముందే కోయించిన గొట్టాలు ఎన్నో వర్క్‌షాపుల మూలల్లో పడి ఉండడం ఈ తొందరపాటు ఫలితమే.

ట్రక్కును బాగా ఎత్తితే కోణం మితిమీరి, ట్రాన్స్‌ఫర్ కేసు వైపు రెండు క్రాసుల జంట కీలు పెట్టవలసి వస్తుంది. అప్పుడు సమాంతర నియమం చెల్లదు; దిద్దుబాటంతా ఆ జంటలోనే జరిగిపోతుంది కాబట్టి, పీనియన్ నేరుగా షాఫ్టు వైపే చూడాలి. వెనుక ఇరుసును తిప్పి మళ్ళీ బిగించడం తేలికే. ముందు ఇరుసును అలా తిప్పితే దాని చివరలనున్న స్టీరింగు నకిల్స్ కూడా తిరిగి, చక్రం తిన్నగా నడవడానికి కావలసిన క్యాస్టర్ అనే వాలు తగ్గి, ట్రక్కు రోడ్డు మీద తూలుతుంది. అందుకే కొందరు నకిల్స్‌ను మోసే చివరి భాగాలను ఇరుసు గొట్టం నుంచి కోసి, వాలు నిలిచేలా తిప్పి, మళ్ళీ వెల్డింగు చేయిస్తారు. మిగిలినవారు షాఫ్టు కోణంలో కొంత, స్టీరింగులో కొంత రాజీపడి ఊరుకుంటారు.