పెద్ద మాన్ల నరికివేతకు చైన్‌సా ఎంపిక: ఇంజన్ శక్తికి ముందు చూడవలసినవి

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫానులు ఉత్తర కోస్తాను తాకిన తరువాత కూలిన మాన్లను తొలగించడం ఎంత భారమైన పనో ఆ ప్రాంత రైతులకు తెలుసు. ముదిరిన మామిడి తోటను తీసివేసి కొత్త మొక్కలు నాటేటప్పుడు, గట్ల మీది చింత, నిద్రగన్నేరు, నల్లతుమ్మ మాన్లను కలపకు అమ్మేటప్పుడు కూడా ఈ అవసరమే ఎదురవుతుంది. చైన్‌సా కొనదలచిన రైతు సంఘాలు, యంత్రాలను అద్దెకిచ్చే కేంద్రాలు విస్తరణ శాస్త్రవేత్తను అడిగే తొలి ప్రశ్న ‘ఎన్ని సి.సి.లది తీసుకోవాలి?’ అని. ఈ ప్రశ్నకు సమాధానం కొలత టేపుతో మొదలు కావాలి.

కలప అడితీలలో మానును చుట్టుకొలతతో లెక్కించడం మనకు అలవాటే. ఆ కొలతను 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. అయితే చైన్‌సా ఎంపికకు రొమ్ము ఎత్తు కొలత చాలదు. కోత పడే చోట, అంటే మొదలు దగ్గర కొలవాలి. అక్కడ 3 మీటర్ల చుట్టుకొలత ఉన్న చింతమాను వ్యాసం సుమారు 95 సెం.మీ. అంత మానుకు 36 అంగుళాల బార్, దానిని తిప్పగల 90 సి.సి. ఇంజన్ తప్పవని చాలామంది భావిస్తారు. నరికే విధానాన్ని గమనిస్తే ఈ అభిప్రాయం నిలవదు.

మాను పడవలసిన వైపు వ్యాసంలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు లోతు వరకు, అంటే 19 నుంచి 24 సెం.మీ. లోతున గాటు తీస్తాము. ఆ గాటు వెనుక వ్యాసంలో పదో వంతు మందం గల చెక్కను కోయకుండా కీలుగా వదలుతాము. మాను దారి తప్పకుండా ఒరిగేది ఈ కీలు మీదనే. ఇక వెనుక కోతకు మిగిలేది 62 నుంచి 67 సెం.మీ. మాత్రమే. దానిని రెండు పక్కల నుంచి కోస్తూ, చీలలు దిగగొడుతూ పూర్తి చేయవచ్చు. కోతకు పనికివచ్చే బార్ పొడవుకు దాదాపు రెట్టింపు వ్యాసం గల మానును శిక్షణ పొందిన పనివాడు ఈ విధంగా పడగొట్టగలడు. కాబట్టి పై చింతమానుకు 24 లేదా 25 అంగుళాల బార్, 70 సి.సి. తరగతి యంత్రం సరిపోతాయి. సుబాబుల్, సరుగుడు, యూకలిప్టస్ తోటలకైతే 50 సి.సి. యంత్రం, 16 నుంచి 18 అంగుళాల బార్ చాలు.

పొడవైన బార్ ఎక్కువ శక్తిని ఎందుకు కోరుతుందో విద్యార్థులు ఒకసారి లెక్క వేసి చూడాలి. 3/8 అంగుళం పిచ్ గల మామూలు గొలుసులో సుమారు 38 మి.మీ.కు ఒక కోత పన్ను ఉంటుంది. బార్ 50 సెం.మీ. మేర చెక్కలో ఉంటే దాదాపు 13 పళ్లు, 90 సెం.మీ. మేర ఉంటే దాదాపు 24 పళ్లు ఒకేసారి చెక్కను చీలుస్తాయి. దీనికి బార్ గాడిలోని ఒరిపిడి, బయటికి రాక కోతలో చిక్కుకున్న పొట్టు తోడవుతాయి. ఇంజన్ ఈ భారానికి తట్టుకోలేకపోతే గొలుసు వేగం పడిపోతుంది, పనివాడు యంత్రాన్ని బలంగా అదుముతాడు, క్లచ్ జారి వేడెక్కుతుంది. చిన్న ఇంజన్‌కు పొడవైన బార్ తగిలించి అమ్మే యంత్రాలను ఈ కారణంగానే సిఫారసు చేయరాదు.

అలాగని పెద్ద ఇంజన్ భారం లేకుండా రాదు. స్టీల్ కంపెనీ ఎం.ఎస్. 661 నమూనా 91.1 సి.సి.తో 5.4 కిలోవాట్ల శక్తినిస్తుంది. బార్, గొలుసు లేకుండా బరువు 7.4 కిలోలు. ఎం.ఎస్. 881 నమూనా 121.6 సి.సి., 6.4 కిలోవాట్లు, 9.9 కిలోలు. అంటే అదనంగా దొరికిన ఒక కిలోవాట్ కోసం రెండున్నర కిలోల బరువు మోయాలి. పడిన దుంగను అక్కడికక్కడే పలకలుగా చీల్చే పనికి రెండో యంత్రం తగినది. మానుల మధ్య తిరుగుతూ నరికే పనివాడి నడుముకు అది శిక్షే. కరపత్రంలోని అశ్వశక్తిని నమ్మే ముందు, అది ఐ.ఎస్.ఓ. 7293 ప్రమాణం ప్రకారం కొలిచినదా అని అమ్మకందారుని అడగడం మంచిది. సి.సి. ఇంజన్ పరిమాణాన్ని చెబుతుంది, శక్తిని కాదు.

గొలుసు విషయంలో మన చెట్ల స్వభావం తెలిసి ఉండాలి. టేకులోని సిలికా పదును తినివేస్తుంది. చింత చేవ గట్టిది. కొబ్బరి కాండం దీనికి భిన్నం: గట్టి భాగమంతా వెలుపలి అంచున ఉంటుంది, నడిభాగం మెత్తన. ఉద్దానంలో కూలిన కొబ్బరి మాన్ల వంటి వాటికి, ఇసుక అంటుకున్న మొదళ్లకు పదునుమూల గల చిజెల్ గొలుసు కంటే మూల గుండ్రంగా ఉండే సెమీ చిజెల్ గొలుసు మేలు. కోత వేగం కొంత తగ్గినా పదును ఎక్కువసేపు నిలుస్తుంది. కోతలో పేలికలకు బదులు సన్నని పొడి రాలుతున్నదంటే ఆకురాయి పట్టవలసిన సమయం వచ్చినట్టే. మొండి గొలుసు గల 90 సి.సి. యంత్రం కంటే పదునైన గొలుసు గల 70 సి.సి. యంత్రమే ముందు పని ముగిస్తుంది. ఒక్కో యంత్రానికి కనీసం మూడు గొలుసులు కొనమని చెప్పాలి.

శక్తికీ రక్షణకూ ఉన్న సంబంధం మన శిక్షణలలో తక్కువగా ప్రస్తావనకు వస్తున్నది. కాళ్లకు తొడిగే రక్షణ వస్త్రంలోని పొడవైన పోగులు స్ప్రాకెట్‌కు చుట్టుకొని గొలుసును ఆపివేస్తాయి. ఈ వస్త్రాలను గొలుసు వేగాన్ని బట్టి పరీక్షిస్తారు: ఒకటో తరగతి సెకనుకు 20 మీటర్లకు, రెండోది 24 మీటర్లకు, మూడోది 28 మీటర్లకు. శక్తివంతమైన చైన్‌సాలలో గొలుసు వేగం 20 మీటర్లను దాటవచ్చు కాబట్టి, యంత్రం స్థాయి పెంచిన చోట వస్త్రం తరగతిని కూడా సరిచూడాలి. లుంగీతో, చెప్పులతో మాను కింద నిలబడే పనివాడికి ఇవేవీ లేవు. కేటాయించిన సొమ్ము 90 సి.సి. యంత్రానికి మాత్రమే సరిపోతే, 70 సి.సి. యంత్రం కొని మిగిలిన సొమ్ముతో రక్షణ వస్త్రం, చెవి మూతలు గల హెల్మెట్, చీలలు కొనమని నా సలహా. చైన్ బ్రేక్ పనిచేస్తున్నదో లేదో ప్రతి ఉదయం పరీక్షించాలి.

అద్దె కేంద్రాల దరఖాస్తులో మాను జాతి, మొదలు చుట్టుకొలత, వాల్టా చట్టం కింద పొందిన అనుమతి వివరం రాయించుకుంటే ఏ బార్ పంపాలో కేంద్రం వద్దనే తేలిపోతుంది.