అమృత విలాస్ గల్లాపెట్టె తాళం ఎవరిదమ్మా?

2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో వచ్చిన ‘అమృతం’ గుర్తుందా? గుణ్ణం గంగరాజు దాన్ని పిల్లల కోసమే తీయలేదు గానీ, టీవీ ముందు మొదట చేరేది పిల్లలే! అమృతంగా శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ మారినా వాళ్లకి పట్టింపు లేదు. అంజి వేసిన గుండు హనుమంతరావు 2018లో పోయారు, పాపం.

అమృత విలాస్ బేరం పడిపోతే మనకి నవ్వు. ఇల్లు గడిపే సంజీవిని, శాంతలకో? వన్ టౌన్‌లో పూర్ణా మార్కెట్ పక్కన టిఫిన్ బండి పెట్టుకున్న ఇల్లాలిని అడగండి. తెల్లారకముందే రుబ్బిన పిండి అమ్ముడవకుండా పులిసిపోతే, మర్నాటి మినప్పప్పుకి డబ్బులుండవు. రుబ్బేది ఆవిడ, గల్లాపెట్టె దగ్గర కూర్చునేది మాత్రం చాలాచోట్ల ఆయన. ఈసారి పిల్లలతో ఆ సీరియల్ చూసేటప్పుడు, ఆ తాళం సంగతి కూడా చెప్పండి.