గరిడేపల్లిలో పాత పిస్టల్ కొనాలంటే: 7.65 నుంచి 45 దాకా లెక్కలు

2018 డిసెంబర్ 7న అసెంబ్లీ ఎన్నికలు. 2019 ఏప్రిల్ 11న లోక్‌సభ. అదే ఏడాది అక్టోబర్ 21న హుజూర్‌నగర్ ఉపఎన్నిక. సూర్యాపేట జిల్లాలోని గరిడేపల్లి మండలం హుజూర్‌నగర్ నియోజకవర్గంలోదే కాబట్టి, పదకొండు నెలలు నిండకుండానే ఇక్కడి ఓటరు మూడుసార్లు వేలికి సిరా పెట్టించుకున్నాడు. మధ్యలో వచ్చిన పంచాయతీ, పరిషత్ ఎన్నికలు వేరే. కోడ్ కూసినప్పుడల్లా లైసెన్సున్న తుపాకులను ఠాణాలో అప్పజెప్పమని పోలీసులు కబురు పెడతారు. 2019 లోక్‌సభ షెడ్యూల్ మార్చి 10న వెలువడింది, ఫలితాలు మే 23న వచ్చాయి. అంటే 74 రోజులు. అన్నాళ్లు తోలు ఒరలో, ఇనుప బీరువాలో, ఎవరూ తుడవకుండా పడి ఉన్న పాత పిస్టల్ ఎలా తిరిగొస్తుందో కొనబోయేవారు ముందే ఆలోచించాలి. పాత పిస్టల్ మీద మనసు పడ్డవాళ్లు చాలామంది ధర దగ్గర మొదలుపెడతారు. ధర చివరి అంకె. దానికంటే ముందు చూడాల్సిన అంకెలు చాలా ఉన్నాయి.

అసలు కొత్తది వదిలి పాతదాని వెంట పడటం ఎందుకు? 1980ల మధ్య నుంచి మామూలు పౌరులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకునే దారి మూసుకుపోయింది. అంతకుముందు దేశంలోకి వచ్చినవే చేతులు మారుతూ తిరుగుతున్నాయి. వెబ్లీ అండ్ స్కాట్, కోల్ట్, బ్రౌనింగ్, వాల్తర్, మౌజర్: ఈ పేర్లున్న విదేశీ పిస్టళ్లు కొత్తగా రావు, ఉన్నవి ఏటా అరుగుతుంటాయి. అందుకే వాటి ధర వాటి పనితనంతో సంబంధం లేకుండా పెరిగింది. పిస్టలే కావాలనుకుంటే పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారుచేసిన పాయింట్ 32 అశని ఉంది. వందేళ్ల బ్రౌనింగ్‌లో ఉన్న చేతిపని అందులో వెతకకూడదు గానీ, విడిభాగాలు దొరుకుతాయన్న ధీమా మాత్రం ఉంటుంది.

ఇక బోరు. పాత పిస్టళ్లలో పేరు మోసినవి మూడు. అమెరికా సైన్యం 1911లో తీసుకున్న పాయింట్ 45 కోల్ట్, జర్మన్ సైన్యం 1908లో తీసుకున్న 9 మిల్లీమీటర్ల లూగర్, 1935 నాటి బ్రౌనింగ్ హైపవర్. ఈ మూడూ మనకు అందవు. పాయింట్ 380, పాయింట్ 455 రిమ్ తూటాలనుగానీ, సైనిక 9 మిల్లీమీటర్లు, పాయింట్ 45 తూటాలనుగానీ పేల్చగల పిస్టళ్లను, రివాల్వర్లను ఆయుధ నిబంధనల షెడ్యూల్ మామూలు లైసెన్సు పరిధిలోంచి తీసేసింది. సైన్యం, పోలీసుల తూటా పౌరుడి తుపాకీలో పట్టకూడదన్నది అందులోని తర్కం. ఆ వడపోతలో మిగిలేది ప్రధానంగా పాయింట్ 32, అంటే 7.65 మిల్లీమీటర్లు. దాని తమ్ముడు పాయింట్ 25, అంటే 6.35.

ఈ 7.65 తూటా పుట్టింది 1899లో. జాన్ బ్రౌనింగ్ అనే అమెరికన్ గీసిన నమూనాతో బెల్జియంలోని ఎఫ్‌ఎన్ సంస్థ 1900 మోడల్ పిస్టల్ చేసింది. గుండు బరువు 71 గ్రెయిన్లు, సుమారు 4.6 గ్రాములు. తూటా గొట్టం పొడవు 17 మిల్లీమీటర్లు. గుండు దాదాపు 170 జూళ్ల శక్తితో బయటికి వస్తుంది. ఆ తర్వాత 1903 కోల్ట్, 1908 వెబ్లీ, 1910 బ్రౌనింగ్, 1914 మౌజర్, 1929 వాల్తర్ పీపీ అన్నీ ఇదే తూటా చుట్టూ అల్లుకున్నాయి. మ్యాగజైన్‌లో ఏడో ఎనిమిదో తూటాలు పడతాయి.

చట్టం అంకెలకు వద్దాం. ఇవి గుర్తుండకపోతే మిగతాదంతా వృథా. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సుకు వయసు 21 నిండాలి. 2019 సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. మన దగ్గర దరఖాస్తు సూర్యాపేట కలెక్టరేట్‌కు వెళ్తుంది, పోలీసు విచారణ జరుగుతుంది. పిస్టల్ ఎందుకు కావాలో తగిన కారణం చూపించాలి. ప్రాణభయమో, క్రీడో అయితే చెప్పుకోవచ్చు. పాత యంత్రమంటే ముచ్చట అన్నది ఒక్కటే కారణంగా నిలబడటం కష్టం. ఈ నిజం కొనాలనుకునేవారికి మొదటి రోజే తెలియాలి. లైసెన్సు రాకముందే అడ్వాన్సు ఇచ్చేవాళ్లున్నారు, అది చేయకూడని పని.

లైసెన్సు వచ్చాక, అమ్మేవాడు మరో లైసెన్సుదారు అయితే, 45 అనే అంకె వస్తుంది. ఎవరికి అమ్మబోతున్నాడో ఆ పేరు, చిరునామాతో కలెక్టరుకో దగ్గరి ఠాణాకో రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ తర్వాత కనీసం 45 రోజులు గడవాలి. అప్పుడే పిస్టల్ చేతులు మారాలి. రేపు తీసుకెళ్లు, కాగితం తర్వాత చూద్దాం అన్నవాడి దగ్గర కొనడమంటే నేరుగా జైలు బాట పట్టడమే. లైసెన్సు లేకుండా తుపాకీ దొరికితే శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్లు, నిషేధిత ఆయుధమైతే ఏడు నుంచి పద్నాలుగేళ్లు. వారసత్వానికి వేరే లెక్క ఉంది. తండ్రి చనిపోతే వారసుడు దరఖాస్తు పెట్టుకోవచ్చు. తండ్రి బతికుండగానే ఆయనకు 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, రెండింట్లో ఏది ముందైతే అప్పుడు వారసుడి పేరు సూచించవచ్చు. రెండు తుపాకుల పరిమితి మాత్రం అక్కడా తప్పదు.

పాతది కాబట్టి లైసెన్సు అక్కర్లేదన్న మాట మన వైపు గట్టిగానే వినిపిస్తుంది. అది తప్పు. పాత కాలపు నమూనా అయినా, పురావస్తు విలువున్నదైనా, పాడైపోయినదైనా, మరమ్మతు చేసినా చేయకపోయినా ఇక పేలదన్నప్పుడే చట్టం మినహాయిస్తుంది. 1910లో తయారైన బ్రౌనింగ్ ఇవాళ్టికీ నిక్షేపంగా పేలుతుంది. కాబట్టి దానికి లైసెన్సు కావాల్సిందే.

పిస్టల్ చేతికి తీసుకున్నాక మొదట చూడాల్సింది నంబరు. 1948 జనవరి 30న గాంధీజీ ప్రాణం తీసిన బెరెట్టా నంబరు 606824. ఆ ఆరు అంకెల వల్లే అది ఏ పిస్టలో ఈనాటికీ చెప్పగలుగుతున్నాం. తయారీదారు పేరు, నంబరు లేని తుపాకీ ఉంచుకోవడం, నంబరు చెరిపేయడం చట్టప్రకారం నేరాలు. లైసెన్సు పుస్తకంలోని నంబరూ ఇనుము మీది నంబరూ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఎమెరీ కాగితంతో రుద్ది తళతళలాడించిన పాత పిస్టల్‌ను నేను నమ్మను. ఆ రుద్దుడులో నీలిపూత పోతుంది, ముద్రలు అరుగుతాయి, అసలు చరిత్ర చెరిగిపోతుంది. నలుపు వెలిసినా అంచులు పదునుగా, అక్షరాలు లోతుగా ఉన్నదే మేలు.

ఆ తర్వాత లైసెన్సున్న డీలరు సమక్షంలో విప్పించి చూడాలి. మ్యాగజైన్ తీసినంత మాత్రాన పిస్టల్ ఖాళీ అయినట్టు కాదు. గొట్టం వెనక గదిలో ఒక తూటా ఉండిపోవచ్చు. మ్యాగజైన్ తీసి, స్లయిడ్ వెనక్కి లాగి, గదిని కళ్లతో చూసి, వేలితో తడిమాకే మిగతా పని. 1903 కోల్ట్‌లో హ్యామర్ లోపల దాగి ఉంటుంది, 1910 బ్రౌనింగ్‌లో హ్యామరే లేదు. పిస్టల్ ఎక్కి ఉందో లేదో బయటినుంచి కనిపించదు కాబట్టి ఇక్కడ జాగ్రత్త రెట్టింపు కావాలి. గొట్టంలోకి వెలుతురు పట్టి గాళ్లు చూడాలి. గుంటలు పడ్డ గొట్టం మళ్లీ బాగుపడదు. స్లయిడ్ మీద, ఫ్రేము మూలల్లో వెంట్రుకంత పగులు కనిపించినా వదిలేయాలి.

అసలు బలహీనత స్ప్రింగు. ఈ 7.65 పిస్టళ్లలో గొట్టాన్ని, స్లయిడ్‌ను బిగించి పట్టే తాళం ఉండదు. తూటా పేలిన దెబ్బను ఆపేది స్లయిడ్ బరువు, దాని వెనకున్న స్ప్రింగు, ఆ రెండే. 1900 మోడల్‌లో ఆ స్ప్రింగు గొట్టం పైన, 1903 కోల్ట్‌లో కింద, 1910 బ్రౌనింగ్‌లో గొట్టం చుట్టూ ఉంటుంది. అది మెత్తబడిందంటే స్లయిడ్ ప్రతిసారీ ఫ్రేమును గుద్దుతుంది, కొన్నాళ్లకు ఇనుమే చీలుతుంది. కాబట్టి ధర మాట్లాడేటప్పుడు కొత్త స్ప్రింగు దొరుకుతుందా, మ్యాగజైన్ ఇంకొకటి ఉందా అని అడగండి. మ్యాగజైన్ పెదవులు వంగిన పిస్టల్ రెండో తూటాకే ఇరుక్కుంటుంది.

తూటాల విషయంలో పొదుపు వద్దు. మహారాష్ట్రలోని ఖడ్కీ ఫ్యాక్టరీ 1869 నుంచి మందుగుండు చేస్తోంది, కేఎఫ్ అక్షరాలు దాని ముద్ర. తాతగారి డబ్బాలో మిగిలిన తూటాలు పేల్చకూడదు. పాతకాలపు ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలాక మిగిలే ఉప్పు గాలిలో తేమను లాక్కుంటుంది, నూనెలో కరగదు. ఎంత నూనె రాసినా రెండు మూడు రోజుల్లో గొట్టం లోపల ఎర్రగా పొక్కుతుంది. అలాంటి తూటా పేల్చిన గొట్టాన్ని ముందు వేడినీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె పట్టించాలి.

మన నేల తేమ నేల. సాగర్ ఎడమ కాలువ నీళ్లు వదిలాక గరిడేపల్లి, నేరేడుచర్ల, హుజూర్‌నగర్ చుట్టూ నెలల తరబడి వరి మడులే. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుము తుప్పు పట్టే వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ దగ్గర ధాన్యాన్ని ఎంత పట్టుదలగా కొలుస్తారో, పిస్టల్ పెట్టెలోనూ అంతే పట్టుదల కావాలి. చిన్న తేమ మీటరు, సిలికా జెల్ పొట్లాలు, తాళమున్న ఇనుప పెట్టె ఉంటే చాలు. తూటాలు వేరే తాళంలో పెట్టాలి. తోలు ఒరలో దాచడం మానాలి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, దాన్ని ఊనిన రసాయనాలు ఇనుమును కొరుకుతాయి. కొబ్బరినూనె, పల్లినూనె కొన్నాళ్లకు జిగురుగా మారి స్లయిడ్‌ను పట్టేస్తాయి. పలుచటి తుపాకీ నూనె ఒకటి రెండు చుక్కలు, నూలుగుడ్డ, ఇత్తడి బ్రష్షు సరిపోతాయి. వానాకాలంలో పదిహేను రోజులకోసారి తుడవాలి. చెమట చేతి ముద్ర కూడా మచ్చ పెడుతుంది. ఠాణాలో అప్పజెప్పే ముందు నూనె గుడ్డలో చుట్టి, ఒర లేకుండా ఇచ్చి, రసీదులో నంబరు రాయించుకోండి. తిరిగి తీసుకున్న రోజే విప్పి తుడవండి.

పాత గోడ కూల్చినప్పుడో, అటక దులిపినప్పుడో తుపాకీ బయటపడితే ఈ లెక్కలు వర్తించవు. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం బెజవాడ వైపు నుంచి ఈ దారినే వచ్చింది, నిజాం బలగాలు వెనక్కి తగ్గుతూ సూర్యాపేట దగ్గర మూసీ వంతెనను పేల్చేశాయి. సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. అంత చరిత్ర నడిచిన ఊళ్లలో దొరికిన ఆయుధాన్ని తుడిచి, విప్పి చూడాలన్న ఆశ సహజమే. తాకకండి, ఠాణాకు చెప్పండి.

లైసెన్సు రానివారికి మిగిలే దారి చిన్నదేం కాదు. బోరు 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జూళ్లు మించని ఎయిర్ పిస్టల్‌కు లైసెన్సు అక్కర్లేదు. 7.65 తూటా శక్తిలో అది దాదాపు ఎనిమిదో వంతు. హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ ఎదిగింది 10 మీటర్ల దూరంలో ఆ 4.5 గుళ్లతోనే, 25 మీటర్ల పిస్టల్‌కు వెళ్లింది తర్వాత. రేంజ్‌లో సభ్యత్వం, క్రీడాకారుడిగా పోటీల రికార్డు ఉన్నవారికి కలెక్టరేట్‌లో కారణం చెప్పుకోవడానికి చేతిలో కాగితమంటూ ఒకటి ఉంటుంది.