ఇంటి నీటిశుద్ధి యంత్రం: ఏ ఫిల్టరును ఎప్పుడు మార్చాలి?

పాలెం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నెలకొని ఉన్న బిజినేపల్లి మండలం గ్రానైటు శిలల ప్రాంతం. ఇటువంటి శిలల నుండి బోరు నీటిలోకి ఫ్లోరైడు చేరుతుంది. ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం తాగునీటిలో అది లీటరుకు 1.0 మిల్లీగ్రాము, వేరే జలవనరు లేనిచోట 1.5 మిల్లీగ్రాములు మించరాదు.

గృహ ఆర్.ఓ. యంత్రంలో ఫ్లోరైడును నిలువరించే ప్రధాన భాగం మెంబ్రేన్. ధార తగ్గగానే దానినే మార్చడం పరిపాటి అయింది. ముందుగా మేడపై ట్యాంకు అడుగున చేరిన ఒండ్రును తొలగించి, సెడిమెంట్ ఫిల్టరును పరీక్షించవలెను, ఖర్చు తక్కువ.

కార్బన్ ఫిల్టరు విషయం వేరు. బోరు నీటికి బదులు మిషన్ భగీరథ నీటిని యంత్రానికి కలిపిన ఇళ్లలో, ఆ నీటిలోని క్లోరిన్‌ను తొలగించేది ఇదే. శక్తి ఉడిగిన కార్బన్ నీటిని ఆపదు గనుక లోపం పైకి కనిపించదు. క్లోరిన్ తాకిడికి మెంబ్రేన్ క్రమంగా శిథిలమవుతుంది. అప్పుడు ధార తగ్గకపోగా పెరుగుతుంది. ఇంటివారు సంతోషిస్తారు కూడా! తిరిగి బోరు నీరు వాడిన రోజున లవణాలతోపాటు ఫ్లోరైడు సైతం గ్లాసులోకి వస్తుంది. కావున ఈ ఫిల్టరును ధారను బట్టి కాక, గడువును బట్టి మార్చవలెను.

టీడీఎస్ మీటరు ఫ్లోరైడును విడిగా చూపదు. అయితే శుద్ధికి ముందు, తరువాతి కొలతలను పోల్చితే మెంబ్రేన్ స్థితి తెలుస్తుంది. రుచి కోసం ముడినీటిని కలిపే వాల్వు ఉంటే దానిని మూసి కొలవాలి. ఫ్లోరైడు ఉన్న ఊళ్లలో ఆ వాల్వు మూసే ఉంచాలి.

వ్యర్థజలపు గొట్టాన్ని పెరటి పాదులోకి వదలడం కొందరి అలవాటు. అందులో లవణాలు, ఫ్లోరైడు మరింత గాఢంగా ఉంటాయి. గచ్చు కడగడానికి వాడవచ్చు గాని, పశువులకు తాగించరాదు.