మీకు తెలుసా? ఒకే ఇంట్లో తీసిన దెయ్యం సినిమా

2011లో దర్శకుడు రామ్‌గోపాల్ వర్మ ‘దొంగల ముఠా’ను ఏడుగురు సాంకేతిక సిబ్బందితో, కెనాన్ 5డి స్టిల్ కెమెరాలతో 5 రోజుల్లో తీశారు. అది హారర్ కాదు. 2014లో ఆయన నవదీప్, తేజస్వి మదివాడలతో తీసిన ‘ఐస్‌క్రీమ్’ మాత్రం అచ్చమైన దెయ్యం కథే, అదీ దాదాపు అంతా ఒకే ఇంట్లో. ఫ్లోక్యామ్ అనే పరికరం వల్ల కెమెరా కుదుపు లేకుండా గది నుంచి గదికి పాత్ర వెంటే నడుస్తుంది.

అమెరికాలో 1999 నాటి హారర్ సినిమా ‘బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’లోనైతే నటులే కెమెరా పట్టారు. చిన్న బృందానికి హారర్ నిజంగా కలిసొచ్చే జానర్: దెయ్యాన్ని చూపించనక్కర్లేదు. ఓరగా తెరిచిన తలుపు, దాని వెనక చీకటి, కిర్రుమనే చప్పుడు చాలు. అందుకే ఉన్న కాస్త డబ్బులో మంచి వాటా సౌండ్‌కు పెట్టాలి. మైకు నాసిరకమైతే ఎంత మంచి షాటైనా భయపెట్టదు.